పికప్ కింద స్కిడ్ ప్లేటు: ఉప్పు నేలకు ఏది, రాతి నేలకు ఏది

రొయ్యల గుంట గట్టు మీద నుంచి దిగేటప్పుడు తూము దగ్గరున్న సిమెంటు దిమ్మ నా పికప్ అడుగున తగిలింది. పెద్దగా శబ్దం కూడా రాలేదు. బండి నడుస్తూనే ఉంది కదా అని ముందుకు పోయాను. కొంత దూరం పోయాక డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ లైటు వెలిగింది. దిగి వెనక్కి చూశాను. ఉప్పు తేలి తెల్లగా ఉన్న గట్టు మీద నల్లటి గీత ఒకటి, దిమ్మ దగ్గర మొదలై నా బండి దాకా సన్నగా వచ్చి ఆగింది. ఇంజిన్ అడుగున నూనె నిలిచే ఆయిల్ చాంబరు పగిలింది. అక్కడే ఇంజిన్ ఆపేసి ఉంటే చాంబరుతో పోయేది. ఇల్లు దగ్గరే కదా అని ఇంకో రెండు కిలోమీటర్లు లాగాను. క్రాంకు బేరింగులు పోయాయి, ఇంజిన్ మొత్తం దించాల్సి వచ్చింది.

అప్పటి నుంచి ఇంజిన్ కింద దెబ్బ కాసే ప్లేటు లేకుండా మా ఇంట్లో ఏ బండినీ గుంటల దారి పట్టనివ్వను. షాపులో స్కిడ్ ప్లేటు అంటారు, మెకానిక్‌లు చాంబర్ గార్డు అంటారు, కొందరు ఇంజిన్ గార్డు అంటారు. ఏ పేరుతో అడిగినా ఇస్తారు. అయితే నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల్లో బండి తిప్పేవాళ్లకు, చేతికిచ్చింది తెచ్చి బిగిస్తే సరిపోదు. మనకు తూర్పున ఉప్పు, పడమర రాయి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, అటు కొత్తపట్నం దాకా గుంటల మధ్య తిరిగే బండిని తుప్పు తింటుంది. ఉదయగిరి, పామూరు, కనిగిరి, మార్కాపురం వైపు పొలం దారుల్లో, చీమకుర్తి క్వారీ దారుల్లో తిరిగే బండిని రాయి కొడుతుంది. ఒకచోట పదేళ్లు నిలిచే ప్లేటు ఇంకోచోట రెండు వానాకాలాలు కూడా ఆగకపోవచ్చు. మీ బండి ఏ నేల మీద ఎక్కువ తిరుగుతుందో ముందు తేల్చుకుంటే మిగతా పని సులువవుతుంది.

ముందు బండి కింద దూరండి

బండికి మామూలుగా ఎంత బరువు వేస్తారో అంత వేసి, చదునైన చోట నిలబెట్టి కొలవండి. ఖాళీ బండి కొలతను నమ్మితే దెబ్బ తింటారు. పాతిక కిలోల మేత బస్తాలు నలభై ఎక్కిస్తే టన్ను బరువు. వెనక కమాన్ పట్టీలు ఎంత కిందికి దిగుతాయో టేపు పెట్టి చూస్తే తెలుస్తుంది. నేల నుంచి చాంబరు అడుగుకు ఎంత, గేర్‌బాక్స్‌కు ఎంత, డీజిల్ ట్యాంకుకు ఎంత, వెనక డిఫరెన్షియల్ గుండుకు ఎంత, ఈ నాలుగూ కాగితం మీద రాసుకోండి.

తర్వాత టార్చి పట్టుకుని పాత దెబ్బల గుర్తులు వెతకండి. గీతలు, సొట్టలు, పెయింటు లేచిపోయి మెరిసే చోట్లు కనిపిస్తాయి. ప్లేటు ఎక్కడ కావాలో ఆ గుర్తులే చెప్తాయి. క్రాస్ మెంబరు (ఛాసిస్ రెండు కమ్మీలను అడ్డంగా కలిపే ఇనుము) మీద మాత్రమే గీతలుండి చాంబరు శుభ్రంగా ఉంటే, ఆ బండికి చిన్న ప్లేటు చాలు. ట్యాంకు మూల సొట్టపోయి ఉంటే దానికి వేరే ప్లేటు కావాలి, ఇంజిన్ కింద ఎంత మందం ప్లేటు వేసినా ట్యాంకుకు లాభం లేదు. అన్నీ ఒకేసారి వేయలేకపోతే ముందు చాంబరు, తర్వాత గేర్‌బాక్స్, ఫోర్ బై ఫోర్ బండి అయితే ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు చక్రాలకూ శక్తి పంపే గేర్ల పెట్టె), ఆ తర్వాత ట్యాంకు. నా వరుస ఇదే. ట్యాంకు సొట్టపోయినా చాలాసార్లు ఇల్లు చేరొచ్చు. చాంబరు పగిలితే ఇంజిన్‌కు నిమిషాల్లోనే ముప్పు.

కంపెనీ నుంచే పలచటి రేకు గానీ ప్లాస్టిక్ కవరు గానీ వచ్చి ఉంటుంది. ప్లాస్టిక్ కవరు బురద చిందకుండా ఆపుతుంది, రాయిని ఆపలేదు. కొన్ని ఫోర్ బై ఫోర్ బండ్లకు కంపెనీ ఇనుప ప్లేటే ఉంటుంది, అదుంటే దాని మందం చూసి, మిగిలిన చోట్ల గురించే ఆలోచించండి.

ఏ లోహం, ఎంత మందం

రాతి నేల వాళ్ల సంగతి ముందు చెప్తాను, అది తేలిక. మైల్డ్ స్టీల్ తీసుకోండి. చాంబరు కింద 3 మి.మీ., రోజూ క్వారీ దారిలో తిరిగే బండికి 4 మి.మీ. రాయి కొడితే ఇనుము సొట్టపోతుంది గానీ చిరగదు. సొట్టను సుత్తితో సరిచేసి మళ్లీ బిగించుకోవచ్చు. మార్కాపురంలోనైనా కనిగిరిలోనైనా వెల్డింగ్ షాపులో ఆ పని అయిపోతుంది. 2 మి.మీ. రేకు మాత్రం వద్దు. అది లోపలికి వంగి చాంబరుకే ఆనుకుంటుంది, దెబ్బను నేరుగా లోపలికి దాటిస్తుంది.

బరువు లెక్క కూడా చూసుకోండి. రెండున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ప్లేటు 3 మి.మీ. ఇనుమైతే దాదాపు 11 కిలోలు, 4 మి.మీ. అయితే పద్నాలుగున్నర. 6 మి.మీ. అల్యూమినియం అయితే ఏడున్నర కిలోలే. ఒక్క ప్లేటుకు ఇది పెద్ద తేడాగా అనిపించదు. నాలుగు ప్లేట్లు వేస్తే మాత్రం రెండు బస్తాల మేత బరువు ఎప్పుడూ బండి మీదే ఉన్నట్టు.

ఉప్పు నేల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. గుంటల నీళ్లు, బకింగ్‌హాం కాలువ పక్క దారి, సముద్రం గాలి, ఇవన్నీ కలిసి ఇనుప ప్లేటును పై వైపు నుంచి తింటాయి. కింద వైపు మనకు కనబడుతుంది, పెయింటు వేస్తాం. పై వైపు ఉప్పు బురద నిలిచి తడిగానే ఉంటుంది, అటు చూసేవాళ్లు ఉండరు. నా మొదటి ప్లేటును ఏడాదిన్నరకు విప్పితే పై వైపు పొరలు పొరలుగా లేచి, స్క్రూడ్రైవరుతో పొడిస్తే అవతలికి దిగింది. కాబట్టి తూర్పు వైపు తిరిగే బండికి ఇనుమే వేయాలనుకుంటే, కోత, బెండింగు, రంధ్రాలు అన్నీ అయిపోయాక హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి వేసే పూత) చేయించండి. ముందే జింకు పూత ఉన్న రేకు తెచ్చి కోస్తే, కోసిన అంచుల దగ్గరే తుప్పు మొదలవుతుంది. పౌడర్ కోటింగ్ చూడటానికి బాగుంటుంది, కానీ ఒక రాయి తగిలి చిప్ప లేస్తే ఉప్పు ఆ సందులోంచి కోటింగ్ కిందికి పాకుతుంది.

నా అభిప్రాయంలో గుంటల దారికి అల్యూమినియమే మేలు. 5052 రకం 5 లేదా 6 మి.మీ. ప్లేటు అడగండి. ఈ రకం ఉప్పుకు తట్టుకుంటుంది, వంచినప్పుడు పగలదు. 6061 గట్టిదే గానీ బెండ్ దగ్గర చీలిక వస్తుంది. అల్యూమినియంకు ఉన్న ఒక్క తలనొప్పి బోల్టుల దగ్గర. అల్యూమినియం, ఇనుము ఒకదానికొకటి తగులుతూ మధ్యలో ఉప్పు నీళ్లు చేరితే అల్యూమినియం కరగడం మొదలవుతుంది. రంధ్రం చుట్టూ తెల్లటి పొడి రాలి, రంధ్రం పెద్దదవుతూ పోతుంది. బోల్టుకూ ప్లేటుకూ మధ్య నైలాన్ బుష్, దాని మీద వెడల్పు వాషర్ వేస్తే ఈ బాధ తగ్గుతుంది. ఛాసిస్‌కు ఆనే చోట పలచటి రబ్బరు షీటు ముక్క పెట్టండి. అల్యూమినియం ఇంకో విషయంలో ఇనుముకు తీసిపోతుంది. ఇనుము రాయి మీద జారిపోతుంది, మెత్తటి అల్యూమినియం రాయిని కొంచెం పట్టుకుంటుంది. అందుకే పడమటి వైపు దాన్ని సిఫారసు చేయను.

లారీ ఫుట్‌బోర్డుకు వాడే గళ్ల ప్లేటు వేయించమని కొందరు చెప్తారు. వద్దు. ఆ గళ్లు రాయికి తగులుకుంటాయి, బురదను పట్టేస్తాయి. కిందివైపు నున్నగా ఉండాలి.

ప్లేటు ఆకారంలో చూడాల్సినవి

ముందు అంచు పైకి వంగి ఉండాలి, తెడ్డు చివర లాగా. తిన్నగా ఉన్న అంచు గట్టు మట్టిలో దిగబడి, బండిని ఆపేస్తుంది. రెండు ప్లేట్లు ఒకదాని వెనక ఒకటి వస్తే, ముందు ప్లేటు వెనక అంచు వెనక ప్లేటు కిందికి రావాలి. పెంకుటింట్లో పెంకులు పరిచిన వరుసలో అన్నమాట. అప్పుడు రాయి ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి జారిపోతుంది. తిరగేసి బిగిస్తే ప్రతి రాయీ ఆ సందులో దూరుతుంది.

డ్రెయిన్ బోల్టు, ఆయిల్ ఫిల్టరు ఎదురుగా రంధ్రం ఉండాలి. సాకెట్ దూరి, చెయ్యి తిరిగేంత. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ప్లేటు మొత్తం విప్పాల్సి వస్తే ఆయిల్ మార్చే కుర్రాడు విప్పి మళ్లీ ఆరు బోల్టుల్లో నాలుగే పెడతాడు. ఆ రంధ్రం మరీ పెద్దదైతే రాయి నేరుగా డ్రెయిన్ బోల్టునే కొడుతుంది, కాబట్టి చాంబరు అంచు దానికి ఎదురుగా రాకుండా చూడండి.

గాలికి, నీళ్లకు దారి ఉండాలి. రేడియేటరు మీంచి వచ్చిన వేడి గాలి ఇంజిన్ కిందనుంచే బయటికి పోతుంది. మొత్తం మూసేస్తే మే నెలలో లోడుతో ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. ముందు నుంచి వెనక్కి పొడుగ్గా ఉండే సన్నటి గాట్లు మంచివి. అడ్డంగా కోసిన గాట్ల అంచులు రాళ్లకు తగులుకుంటాయి.

చాంబరుకూ ప్లేటుకూ మధ్య కనీసం 20 నుంచి 25 మి.మీ. ఖాళీ ఉండాలి. ఇంజిన్ మౌంటింగ్ రబ్బర్ల మీద ఊగుతుంది, స్టార్ట్ చేసినప్పుడు, ఆపినప్పుడు డీజిల్ ఇంజిన్ మరీ ఊగుతుంది. సైలెన్సర్ పైపు నుంచి కూడా అంతే దూరం ఉంచండి.

మీ బండి మోడల్‌కు తయారు చేసిన ప్లేటు దొరికితే అదే తీసుకోండి, కంపెనీ రంధ్రాలకు సరిపోతుంది. దొరక్కపోతే నెల్లూరు ఆటోనగర్ లాంటి చోట చేయించుకోవచ్చు. అప్పుడు అట్ట నమూనా మీరే తయారు చేయండి. పెద్ద అట్టపెట్టె విప్పి, బండి కింద పట్టుకుని, రంధ్రాలున్న చోట వేలితో నొక్కితే గుర్తు పడుతుంది. వంపు ఎక్కడ రావాలో స్కెచ్ పెన్నుతో గీయండి. అట్ట సరిపోయాకే రేకు కోయించండి. మాటలతో చెప్పి చేయించిన ప్లేటు ఒక్కసారికి సరిపోవడం నేను చూడలేదు.

ఛాసిస్ జోలికి పోవద్దు

మా బావ బండికి ఒక వెల్డింగ్ షాపులో ప్లేటును నేరుగా ఛాసిస్‌కే వెల్డ్ చేసి ఇచ్చారు. గట్టిగా ఉంటుందని చెప్పారట. రెండో ఏడు ఆ వెల్డింగ్ అంచు నుంచే ఛాసిస్‌లోకి చీలిక పాకింది. వెల్డింగ్ వేడికి ఆ చోట ఇనుము గుణం మారిపోతుంది, లోడు ఊపుకు అక్కడే పగులుతుంది. ఛాసిస్ కమ్మీ పై అంచుకూ కింద అంచుకూ కొత్తగా రంధ్రాలు వేయడం కూడా తప్పే, బరువంతా మోసేది ఆ అంచులే. కంపెనీ ఇచ్చిన రంధ్రాలు వాడండి, లేదా కమ్మీని రెండు వైపులా పట్టుకునే క్లాంపు చేయించండి. బ్రాకెట్‌కు వెల్డింగ్ కావాలంటే బండి నుంచి విప్పి, బయట చేయించి, మళ్లీ బిగించాలి. ఇంజిన్‌కు గానీ గేర్‌బాక్స్‌కు గానీ ప్లేటును బిగించకూడదు. ఛాసిస్‌కు, క్రాస్ మెంబరుకు మాత్రమే.

చట్టం సంగతి కూడా. ఆర్సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెప్తుంది. బంపరు ముందు పెట్టే బుల్ బార్లు (ఇనుప గొట్టాల గార్డులు) ఈ సెక్షన్‌కు విరుద్ధమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు ప్రత్యేకంగా లేఖ రాసింది. మీ ప్లేటు బంపరు దాటి ముందుకు రాకూడదు, మొత్తం బండి కిందే ఉండాలి. వారంటీలో ఉన్న బండి అయితే బిగించే ముందు షోరూంలో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

బిగించే పని

సిమెంటు నేల మీద పెట్టండి. గట్టు మీదా, ఇసుకలోనూ జాకీ ఎత్తవద్దు. ఇంజిన్ చల్లబడేదాకా ఆగండి. హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు పెట్టండి. జాకీతో ముందు భాగం ఎత్తి, ఛాసిస్ కింద రెండు స్టాండ్లు పెట్టి, బరువు వాటి మీదికి దించి, బండిని చేత్తో ఊపి చూడండి. కదలకపోతేనే కిందికి దూరండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరినీ పోనివ్వకండి, "ఒక్క బోల్టే అన్నా" అన్నా సరే. సర్వీస్ స్టేషన్ ర్యాంపు గంటసేపు అద్దెకు దొరికితే ఇంకా మంచిది.

పాత ప్లాస్టిక్ కవరు విప్పి, మొత్తం నీళ్లతో కడిగి ఆరనివ్వండి. ఈ పూటే ఆయిల్ లీకులు చూసుకోవాలి. తడి మరక ఉంటే ముందు దాన్ని బాగు చేయించండి, ప్లేటు వేశాక అది కనబడదు.

ఛాసిస్ మీదున్న నట్టు మరలు ఏళ్ల బురదతో పూడిపోయి ఉంటాయి. వైరు బ్రష్‌తో తుడిచి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగి, సరైన సైజు ట్యాపు (మరలు శుభ్రం చేసే పనిముట్టు) తిప్పండి. బోల్టులు కొనే ముందు పాతది ఒకటి విప్పి షాపుకు తీసుకెళ్లండి. ఎం10 బోల్టుల్లో 1.25 పిచ్, 1.5 పిచ్ రెండూ ఉన్నాయి, పిచ్ అంటే మరకూ మరకూ మధ్య దూరం. ఒకటి అడిగి ఇంకోటి తెచ్చి బలవంతంగా తిప్పితే ఛాసిస్‌లో మర పోతుంది. అది సరిచేయడం ప్లేటు బిగించడం కంటే పెద్ద పని. తల మీద 8.8 అని ముద్ర ఉన్న బోల్టులు తీసుకోండి, అది బోల్టు బలానికి గుర్తు.

ప్లేటు అంచులను ఆకురాయితో నున్నగా చేయండి. ఎత్తడానికి ఇంకో మనిషి ఉండాలి. ఒక్కరే అయితే ట్రాలీ జాకీ మీద చెక్క పలక పెట్టి, దాని మీద ప్లేటు ఉంచి మెల్లగా ఎత్తండి. బోల్టులన్నిటినీ ముందు చేత్తోనే మూడు నాలుగు మరలు తిప్పండి. ఒకటి బిగించేసి రెండోదానికి పోతే చివరి రంధ్రం కలవదు. అన్నీ పట్టుకున్నాక ప్లేటును అటూ ఇటూ కదిపి ఖాళీ సమానంగా వచ్చేలా చూసి, ఒక మూల, దానికి ఎదురు మూల, ఇలా బిగించుకుంటూ రండి. బండి మాన్యువల్‌లో టార్క్ (ఎంత బలంతో బిగించాలో) ఉంటే అదే పాటించండి. లేకపోతే 8.8 రకం ఎం8 బోల్టుకు 25 న్యూటన్ మీటర్లు, ఎం10కు 45 దగ్గర సరిపోతుంది. మర మీద నీలం రంగు త్రెడ్ లాకర్ (మరలు పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేస్తే ఊపుకు వదులవదు, విప్పాలంటే స్పానరుతో వస్తుంది. ఎర్రది వాడకండి, అది వేడి చేస్తే గానీ విడవదు. బోల్టు తలలు ప్లేటు కిందికి పొడుచుకు రాకుండా గుంటలో కూర్చోవాలి. లేకపోతే మొదటి రాయికే తల అరిగి, తర్వాత ఏ స్పానరూ పట్టదు.

బిగించాక ప్రతి బోల్టు తల మీంచి ప్లేటు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీయండి. బోల్టు వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది. టార్చి వేసి పది సెకన్లలో అన్నీ చూసుకోవచ్చు.

ఇప్పుడు స్టాండ్లు తీసి, ఇంజిన్ స్టార్ట్ చేసి ఆపండి, రెండు మూడుసార్లు. ఒక మనిషి బండి పక్కనే ఉండి కిందికి వంగి చూస్తూ, ఎక్కడైనా టకటక వినిపిస్తుందేమో చెప్పాలి. స్టీరింగ్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పండి. స్టీరింగ్ రాడ్లు, బ్రేకు గొట్టాలు ప్లేటుకు తగలకూడదు. లోడు వేసి స్పీడ్ బ్రేకరు మీద ఒకసారి దాటించండి. వంద కిలోమీటర్లకు ఒకసారి, ఐదొందలకు ఒకసారి బోల్టులు చూసుకోండి.

వరిగడ్డితో జాగ్రత్త

ఒకసారి కోతల కాలంలో ప్లేటు విప్పితే పైన దోసెడు వరిగడ్డి, జమ్ము ఆకు ఎండిపోయి ఉన్నాయి. సైలెన్సర్ వైపున్న కొసలు నల్లగా మాడి ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలాయి. నాకు ఒళ్లు జల్లుమంది. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 డీజిల్ బండ్లలో చాలావాటికి పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. అది తనను తాను శుభ్రం చేసుకునేటప్పుడు లోపల వేడి దాదాపు 600 డిగ్రీలకు చేరుతుంది. కోసిన మడిలో బండి దించినవాళ్లు ఆ రోజు సాయంత్రమే టార్చితో ప్లేటు పైన చూసి, కొక్కెం పెట్టి గడ్డి లాగేయండి.

ఉప్పు నీళ్లలో దిగిన రోజు మంచినీళ్ల గొట్టం పై నుంచి పెట్టి, గాట్లలోంచి కారే నీళ్లు తేరుకునేదాకా కడగండి. అడుగున మాత్రమే నీళ్లు కొడితే పైన పేరుకున్న ఉప్పు కదలదు.

మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, సెప్టెంబరులో ఒకసారి ప్లేటు పూర్తిగా విప్పండి. కడిగి, గీతలు పడిన చోట జింకు ప్రైమరు రాసి, అరిగిన వాషర్లు మార్చండి. ప్లేటు వెంటనే బిగించేయకండి. ఆ రాత్రికి ఇంజిన్ కింద శుభ్రమైన అట్ట ఒకటి పరిచి బండిని అలాగే ఉంచండి. తెల్లారి అట్ట మీద నూనె చుక్క లేకపోతే ప్లేటు ఎక్కించండి, ఉంటే మెకానిక్‌ను పిలిచి ఆ చుక్క ఎక్కడి నుంచి పడిందో చూపించండి.